రంగు లాభం మనిషికి.. రోగం పాముకి: ‘స్పైడర్’ బాల్ పైథాన్ల వెనుక ఉన్న లెక్క

2023 జనవరిలో చెన్నై విమానాశ్రయంలో ఎవరూ తీసుకోకుండా వదిలేసిన సంచుల్లో 45 బాల్ పైథాన్లు దొరికాయి. అవి బ్యాంకాక్ నుంచి వచ్చినవి. అదే ఏడాది జూలై చివర్లో తిరుచ్చిలో కౌలాలంపూర్ నుంచి దిగిన ఓ ప్రయాణికుడి సామానులో 47 కొండచిలువలు బయటపడ్డాయి. డిసెంబర్‌లో ముంబైలో మరో 9 బాల్ పైథాన్లు పట్టుబడ్డాయి. ఈసారి వాటిని తినుబండారాల ప్యాకెట్లలో దాచి తెచ్చారు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా చర్చ అంతా ఎవరు తెచ్చారు, ఎక్కడి నుంచి తెచ్చారు, ఏ చట్టం కింద కేసు పెట్టారు అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. అది అవసరమే. కానీ ఇంకో ప్రశ్న ఉంది. అడవిలో ఎక్కడా కనిపించని ఆ రంగులు, ఆ చారలు ఈ పాములకు ఎలా వచ్చాయి? ఆ రంగు కోసం పాము ఏం పోగొట్టుకుంటోంది? కాగితాలు సక్రమంగా ఉన్న పాము విషయంలోనూ ఈ ప్రశ్న అలాగే ఉంటుంది. అమెరికా, యూరప్‌లలో పాములు పెంచేవాళ్ల మధ్య ఇరవై ఏళ్లుగా నలుగుతున్న గొడవ ఇదే.

అసలు ఈ పాము ఏది?

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డి మైదానాల పాము. బ్రిటన్‌లో దీన్ని రాయల్ పైథాన్ అంటారు. విషం లేదు. సాధారణంగా మూడు నుంచి ఐదు అడుగులు పెరుగుతుంది. భయపడితే సాధారణంగా కాటు వేయదు, తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. పేరు అలా వచ్చిందే. సరైన సంరక్షణ ఉంటే ఇరవై, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో ఉన్న ఒక ముసలి బాల్ పైథాన్ 2020లో, అరవై ఏళ్లు దాటిన వయసులో గుడ్లు పెట్టి అందరినీ ఆశ్చర్యపరిచింది.

సాధువు, సైజు చిన్నది, పెంచడం సులువు. అందుకే అమెరికాలో ఎక్కువగా పెంచే పాముల్లో ఇదొకటి అయింది. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి ఏళ్ల తరబడి పెద్ద సంఖ్యలో ఎగుమతి అయింది. అలా వచ్చిన వేల పాముల్లో ఎప్పుడో ఒకటి వేరే రంగుతో ఉండేది. దాన్ని గుడ్ల దాకా పెంచి, ఆ రంగు పిల్లలకు దిగుతుందని రుజువు చేస్తే ఆ వ్యాపారి పంట పండినట్టే. 1992లో పెంపకంలో తొలి అల్బినో పిల్లలు పుట్టిన తర్వాత ఈ వ్యాపారం జోరందుకుంది. ఇలా వంశపారంపర్యంగా వచ్చే రంగు, చారల రకాలనే ‘మార్ఫ్’ అంటారు. ఇవాళ ఒకదానితో ఒకటి కలిపి తయారు చేసిన రకాలు వేలల్లో ఉన్నాయి.

‘స్పైడర్’ వాటిలో ఒకటి. ఒంటిమీద సాలెగూడు దారాల్లా సన్నటి నల్ల గీతలు, పక్కల తెలుపు. 1999లో ఆఫ్రికా నుంచి అమెరికా చేరిన ఒక్క పాముతో ఈ రకం మొదలైంది. ప్రపంచంలో ఇప్పుడున్న స్పైడర్ పాములన్నీ ఆ ఒక్కదాని సంతానమే.

తల ఎందుకు ఊగుతుంది?

స్పైడర్ పాములకు ఒక ఇబ్బంది ఉంది. తల నిలకడగా ఉండదు. కొన్నింటికి కొంచెం వణుకు, ఓ పక్కకు వాలడం, అంతే. కొన్నింటికి మెడ మెలితిరిగి తల తలకిందులైపోతుంది. వెల్లకిలా తిప్పితే మామూలు పాము వెంటనే సర్దుకుంటుంది. వీటిలో కొన్నింటికి అది చేతకాదు. ఎరను పట్టబోతే గురి తప్పుతుంది. పాముల వ్యాపారంలో దీన్ని ‘వాబుల్’ అంటారు. భయపడినప్పుడు, ఆకలితో ఎర మీదికి వెళ్లినప్పుడు ఈ ఊపు ఎక్కువవుతుంది.

2014లో పశువైద్య పరిశోధకులు ఈ సమస్యను వివరంగా సమీక్షించి, ఇది పాము సంక్షేమానికి సంబంధించిన సంగతి అని శాస్త్ర పత్రికలో రాశారు. 2022లో జర్మనీ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. స్పైడర్ పాముల తలలను, మామూలు పాముల తలలను సూక్ష్మ సీటీ స్కాన్ తీసి పోల్చారు. తేడా లోపలి చెవిలో కనిపించింది. శరీర సమతుల్యతను చూసుకునే అర్ధవృత్తాకార కుల్యలు స్పైడర్లలో వంకరపోయి ఉన్నాయి. దాని పక్కనే ఉండే సాక్యులస్ అనే చిన్న సంచి సరిగా పెరగలేదు. బడిలో చదివిన జీవశాస్త్రం గుర్తున్నవాళ్లకు తెలుసు, మనిషి కళ్లు మూసుకుని నిలబడినా పడిపోకుండా ఉండేది ఈ భాగాల వల్లే.

రంగుకూ చెవికీ సంబంధం ఏమిటన్న సందేహం సహజమే. పిండం తొలి దశలో రంగు కణాలు పుట్టే మూల కణాల గుంపు, లోపలి చెవి ఏర్పడటంలోనూ పాలు పంచుకుంటుంది. అక్కడ ఒక జన్యువు దారి తప్పితే చర్మం మీద, చెవిలో రెండుచోట్లా ప్రభావం పడొచ్చు. నీలి కళ్ల తెల్ల పిల్లుల్లో చెవుడు ఎక్కువగా కనిపించడం ఇలాంటిదే. అంటే స్పైడర్ పాములో అందం ఒకచోట, రోగం ఇంకోచోట లేవు. రెండూ ఒకే జన్యువు చేతి పనిగా కనిపిస్తున్నాయి.

‘మా లైన్ మంచిది’ అనే మాట

అమ్మేవాళ్ల దగ్గర ఏళ్ల తరబడి వినిపించిన మాట ఒకటుంది: మిగతావాళ్ల పాములకు వాబుల్ ఉందేమో, మా లైన్‌లో లేదు. లైన్ అంటే నస్ల్. గుర్రాలు, పావురాలు, పందెం కోళ్లు పెంచే వాళ్లందరికీ తెలిసిన పదమే. మంచి నస్ల్ చూసి కొంటే మంచి పిల్లలు పుడతాయన్న నమ్మకం చాలా చోట్ల నిజమే. దగ్గరి సంబంధాల వల్ల దోషం పేరుకుపోతే, బయటి రక్తం కలిపితే తగ్గుతుందన్నది కూడా నిజమే.

కానీ స్పైడర్ విషయంలో ఈ రెండు మాటలూ పని చేయలేదు. కారణం సులువు. ఇది మేనరికపు దోషం కాదు. ఇన్నేళ్లలో స్పైడర్లను సంబంధం లేని వేల పాములతో జత కట్టించారు. రంగు ఉన్న ప్రతి తరంలో వాబుల్ వెంటే వచ్చింది. స్పైడర్ పాముకు పుట్టిన పిల్లల్లో స్పైడర్ చారలు రానివాటికి మాత్రం ఈ జబ్బు రాలేదు. అంటే అది లైన్‌ను పట్టుకుని రావడం లేదు, చారలను పట్టుకుని వస్తోంది.

ఇంకో సంగతి. తల్లికో తండ్రికో వాబుల్ అంతగా కనిపించకపోతే పిల్లలకూ తక్కువే ఉంటుందన్న హామీ లేదు. నిలకడగా కనిపించే పాముకు, ఎర పట్టలేనంతగా మెలితిరిగే పిల్ల పుట్టడం పెంపకందారులందరికీ అనుభవమే. పుట్టినప్పుడు బాగున్నది తర్వాత ముదరవచ్చు. కాబట్టి ‘మా లైన్ మంచిది’ అంటే ఆ అమ్మకందారు దగ్గర ఆ రోజు కనిపించిన పాములకు వణుకు తక్కువగా ఉందని మాత్రమే అర్థం.

స్పైడర్ ఒక్కటే కాదు. ‘షాంపేన్’, ‘వోమా’ వంటి మరికొన్ని రకాల్లోనూ ఇలాంటి లక్షణాలు చెబుతారు. స్పైడర్‌ను షాంపేన్‌తో కలిపితే రెండు జన్యువులూ వచ్చిన పిల్లలు సాధారణంగా బతకవు. ‘క్యారమెల్ అల్బినో’లో వెన్నెముక వంకరలు ఎక్కువ. అలాగని మార్ఫ్‌లన్నీ రోగిష్టివి అనుకోవడం పొరపాటు. మామూలు అల్బినో, పైబాల్డ్, పాస్టెల్ లాంటి ఎన్నో రకాల్లో రంగుతో ముడిపడిన నరాల జబ్బు లేదు. ఎంచుకోవడానికి అన్ని దారులుండగా జబ్బు ఉన్నదాన్నే పెంచారు కాబట్టే ఇది ఆలోచించాల్సిన విషయం.

ఖాతా పుస్తకం ఏం చెబుతుంది?

తెలిసీ ఎందుకు పెంచారు? వాళ్లంతా కఠినాత్ములని కాదు. లెక్క అలా కుదిరింది.

అల్బినో అంతర్గత లక్షణం. అల్బినో మగదాన్ని మామూలు ఆడదానితో కలిపితే మొదటి ఈతలో పిల్లలన్నీ మామూలుగానే కనిపిస్తాయి. జన్యువు లోపల దాగి ఉంటుంది. ఆ పిల్లల్లో ఆడవి గుడ్లకు రావడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. అప్పుడు వాటిని వాటి మధ్యే జత కట్టిస్తే నాలుగింట ఒక వంతు అల్బినోలు వస్తాయి. అంటే పెట్టుబడి పెట్టి, తిండి పెట్టి, మూడు నాలుగేళ్లు ఎదురు చూడాలి.

స్పైడర్ అలా కాదు. ఒక్క ప్రతి ఉంటే చాలు, చారలు కనిపిస్తాయి. ఒక స్పైడర్ మగదాన్ని మామూలు ఆడపాముతో కలిపితే ఆరు గుడ్లలో సగటున మూడు స్పైడర్లే. మొదటి ఈతలోనే సరుకు చేతికొచ్చేస్తుంది. ఒక్క మగపాము ఒకే సీజన్‌లో చాలా ఆడపాములకు సరిపోతుంది. వ్యాపారం చేసే ఎవరికైనా ఇది తెలుస్తుంది: పెట్టుబడి ఇంత త్వరగా తిరిగొచ్చే రకం ఇంకోటి దొరకడం కష్టం.

పైగా స్పైడర్ ఏ రకంతో కలిసినా కొత్త అందం వచ్చేది. పాస్టెల్‌తో కలిస్తే ‘బంబుల్ బీ’. పిన్‌స్ట్రైప్‌తో కలిస్తే ‘స్పిన్నర్’. ఇలా ఒక జన్యువు పదుల పేర్లతో బజారులోకి వచ్చింది. పేరులో ‘బీ’ ఉందంటే లోపల చాలావరకు స్పైడర్ ఉన్నట్టే. కొత్తగా కొనేవాళ్లకు మాత్రం ఇది తెలియదు.

ఇక్కడే ‘డెజర్ట్’ అనే ఇంకో మార్ఫ్ కథ గమనించాలి. అదీ అందమైనదే, దానికీ మొదట్లో మంచి ధర పలికింది. కానీ డెజర్ట్ ఆడపాములు గుడ్లు సరిగా పెట్టలేవని, పెట్టబోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటాయని త్వరలోనే బయటపడింది. పెంపకందారులు దాన్ని చాలావరకు వదిలేశారు. దాని కోసం ఎవరూ పెద్ద ఉద్యమం చేయాల్సిన పని పడలేదు.

రెండింటిలోనూ పాముకు దోషమే. తేడా ఒక్కటే. డెజర్ట్ దోషం పెంపకందారు జేబుకు తగిలింది. స్పైడర్ తల ఊగినా తింటుంది, జత కడుతుంది, గుడ్లు పెడుతుంది. కాబట్టి దాని దోషం పాముకు తప్ప ఎవరికీ తగల్లేదు. ఖర్చు ఇంకొకరి నెత్తిన పడుతున్నంత కాలం ఏ వ్యాపారమూ తనంతట తాను ఆగదు. ఫ్యాక్టరీ మురుగు చెరువులోకి వదిలినప్పుడు జరిగేదీ ఇదే.

తర్వాత సరుకు ఎక్కువైంది. ఒకప్పుడు వేల డాలర్లు పలికిన స్పైడర్ ధర బాగా పడిపోయింది. దాంతో సమస్య తీరలేదు, ఇంకోవైపు తిరిగింది. చౌకగా దొరుకుతోందని మొదటిసారి పాము పెంచేవాళ్లు, పిల్లలున్న కుటుంబాలు దాన్నే కొన్నారు. అంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైన పాము, తక్కువ అనుభవం ఉన్న చేతుల్లోకి చేరింది.

పెంచేవాళ్ల వాదన

స్పైడర్లను సమర్థించేవాళ్ల మాటలోనూ కొంత పస ఉంది. వాటిలో చాలావరకు బాగానే తింటాయి, ఏళ్ల తరబడి బతుకుతాయి, నొప్పి ఉన్నట్టు గుర్తులేమీ కనిపించవు అంటారు. తల కాస్త ఊగితే అది బాధ అని మనుషులే ఊహించుకుంటున్నారని కూడా అంటారు. ఇప్పటికే ఇళ్లలో ఉన్న స్పైడర్లకు సరైన వేడి, దాక్కునే చోటు, ఒత్తిడి లేని వాతావరణం ఇస్తే బతుకు ఫర్వాలేదన్నది నిజమే. వాటిని పారేయాలని, చంపేయాలని చెప్పడం న్యాయం కాదు.

కానీ ఉన్నదాన్ని చూసుకోవడం వేరు, తెలిసి తెలిసి కొత్తదాన్ని పుట్టించడం వేరు. పాము అరవదు, ఏడవదు, ముఖంలో బాధ చూపించదు. అది చెప్పలేదు కాబట్టి బాధ లేదనుకుంటే, ఆ నిర్ణయం వల్ల లాభపడేది ఎవరో కూడా చూడాలి. పైగా వాదన అంతా తేలికపాటి కేసుల మీదే నడుస్తుంది. తినలేనంతగా మెలితిరిగే పిల్లలు అమ్మకానికి రావు, కాబట్టి కొనేవాళ్ల కంట పడవు.

చట్టం ఎక్కడి దాకా వచ్చింది?

జర్మనీ జంతు సంరక్షణ చట్టం 11బి సెక్షన్ ప్రకారం, పిల్లలకు వంశపారంపర్యంగా బాధ, నష్టం కలుగుతాయని తెలిసీ వెన్నెముక ఉన్న జంతువులను ఆ పద్ధతిలో పెంచకూడదు. కుక్క, పిల్లి అనే తేడా లేదు, పాములూ అందులోకి వస్తాయి. బ్రిటన్‌లోని ఇంటర్నేషనల్ హెర్పటాలజికల్ సొసైటీ 2018 నుంచి తన మేళాల్లో స్పైడర్ రకాల అమ్మకాన్ని ఆపేసింది. అది ప్రభుత్వం కాదు, పాములు పెంచేవాళ్ల సంఘమే. లోపలివాళ్లే గీత గీశారు. నార్వే సుప్రీం కోర్టు 2023లో కావలియర్ జాతి కుక్కల పెంపకం అక్కడి జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని తేల్చింది. అక్కడా ప్రశ్న ఇదే: రూపం కోసం రోగాన్ని తరం తర్వాత తరానికి ఇవ్వొచ్చా?

ఇక భారత్ సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ సైటీస్ ఒప్పందంలో ఉన్న విదేశీ జీవులను నాలుగో షెడ్యూల్‌లో చేర్చారు. బాల్ పైథాన్ అందులో ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి జీవి ఇంట్లో ఉంటే పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, చేతులు మారినా తెలియజేయాలి. ఇక్కడి నాగుపాము, జెర్రిపోతు, మన కొండచిలువ లాంటివాటిని ఇంట్లో పెంచడానికి వీల్లేదు.

ఈ నిబంధనల ఉద్దేశం జీవి సక్రమంగా వచ్చిందా, ఎవరి దగ్గర ఉందన్నది తెలుసుకోవడం. దాన్ని రోగంతో పుట్టేలా పెంచారా అన్నది వాటి పరిధిలో లేదు. కాగితం సరిగ్గా ఉంటే జన్యువు సరిగ్గా ఉన్నట్టు కాదు.

పాము లేని ఇంటికి దీంతో పనేమిటి?

హైదరాబాద్‌లో ఎన్నో ముస్లిం ఇళ్లలో పర్షియన్ పిల్లులు ఉన్నాయి. స్పైడర్ పాము చెప్పే పాఠం వాటికీ వర్తిస్తుంది. పర్షియన్లలో మూత్రపిండాల్లో నీటి తిత్తులు పెరిగే వంశపారంపర్య జబ్బు ఒకటుంది. పలు దేశాల పాత సర్వేల్లో మూడో వంతుకు పైగా పర్షియన్లలో ఇది కనిపించింది. దీని లెక్క కూడా స్పైడర్ లాంటిదే. ఒక్క ప్రతి చాలు, సగం పిల్లలకు వస్తుంది. రెండు ప్రతులు వస్తే కడుపులోనే పోతాయి. స్పైడర్ రెండు ప్రతులతో బతికిన పాము కూడా ఇంతవరకు నిర్ధారణ కాలేదు.

కానీ ఒక పెద్ద తేడా ఉంది. పిల్లి కిడ్నీ జబ్బు జన్యువుకు బొచ్చుతోనూ, రంగుతోనూ సంబంధం లేదు. జన్యు పరీక్ష ఉంది. తల్లిదండ్రులిద్దరినీ పరీక్షించి, జబ్బు లేనివాటినే జత కట్టిస్తే అందమైన పర్షియన్ పిల్లలు ఈ జబ్బు లేకుండా పుడతాయి. ఇక్కడ ‘మంచి లైన్’ అనే మాటకు ఒక పరీక్ష కాగితం రుజువుగా నిలుస్తుంది. అదే మరీ చప్పిడి ముఖం కోసం పెంచిన పిల్లికి కన్నీళ్లు కారడం, ఊపిరి ఇబ్బంది ఆ ముఖంలోనే ఉన్నాయి. దాన్ని ఏ పరీక్షా విడదీయలేదు. అది స్పైడర్ లాంటి కేసు.

కాబట్టి ఏ జంతువైనా కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: నచ్చిన రూపాన్ని, జబ్బును విడదీయవచ్చా? విడదీయగలిగితే పరీక్ష కాగితం చూపించమనాలి. విడదీయలేనిదైతే ఆ రూపాన్నే వదులుకోవాలి.

అమెరికా, బ్రిటన్‌లలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో పిల్లలు పాము కావాలని పట్టుబడితే ఇంకో రెండు జాగ్రత్తలు. మార్ఫ్ పేరు కాదు, అందులో కలిసిన జన్యువుల పేర్లన్నీ రాసిమ్మనాలి. స్పైడర్ జన్యువు లేని పాముకు కూడా తల ఊగుతుంటే ‘అది మామూలే’ అన్న మాట నమ్మకూడదు. వైరస్ జబ్బు, విపరీతమైన వేడి, పురుగుల మందు ప్రభావం కూడా అలాంటి లక్షణాలే చూపిస్తాయి. వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

పామును ఇంట్లో పెట్టుకోవచ్చా లేదా అన్నది ఉలమాను అడగాల్సిన వేరే మసలా. కానీ బేజుబాన్ జీవి పట్ల బాధ్యత విషయంలో అస్పష్టత లేదు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తానుగా వెతుక్కోనివ్వక చంపిన స్త్రీకి శిక్ష పడిందన్న హదీసు ప్రతి ఇంట్లో పిల్లలకు చెప్పేదే. యజమాని గుర్తు కోసం జంతువు ముఖం మీద వాత పెట్టడాన్ని ప్రవక్త ముహమ్మద్ (స) నిషేధించారు. మనిషి అవసరానికి గుర్తు కావాలంటే కూడా ముఖం మీద వద్దన్నారు. ఇక్కడ అవసరం కూడా కాదు, కేవలం షోకు. వాత పెట్టింది చర్మం మీద కాదు, పుట్టకముందే లోపలి చెవిలో.

పెంపకందారును చట్టం ఇంకా పూర్తిగా ఆపలేదు, పాము తన బాధ చెప్పుకోలేదు. ఇక మిగిలింది కొనేవాళ్లే. డెజర్ట్ రకం బజారు నుంచి తప్పుకున్నది పెంచేవాడికి నష్టం వచ్చినప్పుడే. స్పైడర్ విషయంలో ఆ నష్టం కలిగించగలిగేది కొననివాళ్లు మాత్రమే.